పదేళ్లకో స్టాప్ లెక్క స్లైడ్ రీలుకు చెల్లదు

సంపాదకులకు నమస్కారం.

గడువు తీరిన ఫిల్మ్ రీళ్లతో ఫోటోలు తీయడం గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇచ్చిన సలహాలు చదివాను. పాత స్టూడియోల బీరువాల్లో మిగిలిపోయిన రీళ్లను ఇప్పటి పిల్లలు మళ్లీ కెమెరాల్లోకి ఎక్కిస్తున్నారంటే నాకు సంతోషమే. కానీ అందులో ఒక లెక్క ఇచ్చారు. డేటు దాటిన ప్రతి పదేళ్లకూ ఒక స్టాప్ వెలుతురు ఎక్కువ ఇవ్వాలని. ఒక స్టాప్ ఎక్కువంటే వెలుతురు రెట్టింపు. అది కలర్ నెగిటివ్ రీలుకు చెప్పే మాట. ప్రొజెక్టర్‌లో నేరుగా వేసి చూసే బొమ్మనిచ్చే స్లైడ్ రీలుకు కూడా అదే వాడితే రీలు మొత్తం పోతుంది. 2000లో గడువు తీరిన 100 ఐఎస్ఓ (ఫిల్మ్ స్పీడు, అంటే వెలుతురును పట్టే చురుకు) స్లైడ్ రీలును ఈ లెక్కన రెండున్నర స్టాప్‌లు ఎక్కువ ఇచ్చి తీస్తే, కడిగాక చేతికొచ్చేది దాదాపు ఖాళీ ఫిల్మ్. ఆకాశం ఉండదు, సున్నం కొట్టిన గోడ ఉండదు, ఎండ పడిన నుదురు ఉండదు. ఆ పాత రీళ్లు చాలావరకు ఇక తయారు కావు, పోయినది పోయినట్టే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నెగిటివ్‌లో వెలుతురు తగిలిన చోట రంగు పేరుకుంటుంది. రీలు పాతబడితే ఫిల్మ్ అంతటా పలచని పొరలాగా ఫాగ్ కమ్ముతుంది. వెలుతురు ఎక్కువ ఇస్తే బొమ్మ ఆ పొర మీదికి లేస్తుంది. పైగా నెగిటివ్ రెండు మూడు స్టాప్‌ల ఎక్కువ వెలుతురును తట్టుకుంటుంది. పదేళ్లకో స్టాప్ అనే మాట పుట్టింది ఇక్కడే.

స్లైడ్ దీనికి తలకిందులు. కడిగేటప్పుడు మొదటి డెవలపర్ మందు వెలుతురు తగిలిన వెండి రేణువులను నల్లగా చేస్తుంది. తగలని రేణువులను రివర్సల్ బాత్ సిద్ధం చేస్తే కలర్ డెవలపర్ వాటి చుట్టూ రంగు పట్టిస్తుంది. తర్వాత బ్లీచ్, ఫిక్సర్ వెండిని మొత్తం తీసేసి రంగును మాత్రం ఉంచుతాయి. అంటే వెలుతురు ఎంత ఎక్కువ తగిలితే రంగు అంత తక్కువ. పోచంపల్లి, పుట్టపాక వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. చిటికీ (ఇక్కత్) పనిలో నూలుకు కట్టు పడిన చోట రంగు ఎక్కదు, కట్టు లేని చోట ఎక్కుతుంది. స్లైడ్‌లో ఆ కట్టు కట్టేది వెలుతురు. ఏళ్ల తరబడి వేడికి ఉన్న రీలులో, వెలుతురు సోకకపోయినా కొన్ని రేణువులు సోకినట్టే ప్రవర్తిస్తాయి. కట్టకూడని నూలుకు అక్కడక్కడ కట్టు పడినట్టే. నిండు నలుపు రావలసిన చోట రంగు అరకొరగా ఎక్కి, ఆ నలుపు కాస్తా బురద ఊదాగానో పాచి రంగుగానో తేలిపోతుంది. నెగిటివ్‌లో ఫాగ్ మందం పెంచితే స్లైడ్‌లో పలచన చేస్తుంది. ముందే పలచబడిన రీలుకు ఇంకా వెలుతురు పోయడం దాన్ని మరింత పలచన చేయడమే.

మరి ఎంత ఇవ్వాలి? రీలు కొన్నప్పటినుంచీ ఫ్రిజ్‌లో ఉండి, 50, 64, 100 ఐఎస్ఓల్లో ఏదైనా అయితే, పదిహేను ఇరవై ఏళ్లు దాటినా డబ్బా మీద రాసిన స్పీడుకే మీటర్ పెట్టండి. మహా అయితే మూడో వంతు స్టాప్ ఎక్కువ. 100 రీలైతే మీటర్‌లో 80. బీరువాలో, గది వేడిలో ఉన్నదైతే సగం నుంచి మూడింట రెండు వంతుల స్టాప్, అంటే 100 రీలుకు 64. అంతకు మించి వద్దు. 400, 800, 1600 రీళ్లు మాత్రం వేరు. పెద్ద రేణువులు కాబట్టి అవి త్వరగా ఫాగ్ పడతాయి. వేడి ఒక్కటే కాదు, ప్రకృతిలో ఎప్పుడూ ఉండే రేడియేషన్ కూడా వాటిని సోకుతుంది. ఫ్రిజ్ వేడిని ఆపుతుంది గానీ దాన్ని ఆపలేదు. పాత 400 స్లైడ్ రీలుతో స్లైడ్ చేయించుకోవాలన్న ఆశ వదులుకుని, కింద చెప్పే సీ-41 దారి పట్టడం మేలు.

కెమెరా సంగతి కూడా చూసుకోవాలి. ఆటోమేటిక్ కెమెరాలు రీలు డబ్బీ మీది డీఎక్స్ గళ్లను చదివి ఐఎస్ఓ తామే పెట్టుకుంటాయి. అలాంటి వాటిలో కాంపెన్సేషన్ మీటను ప్లస్ వైపు తిప్పాలి. చేత్తో నడిపే పాత కెమెరాల్లో షట్టర్ నెమ్మదించి ఉంటుంది. 500 అని ఉన్న చోట నిజానికి 300 నడుస్తుంటే మీకు తెలియకుండానే ముప్పావు స్టాప్ ఎక్కువ పడుతుంది. నెగిటివ్‌లో అది బయటపడదు, స్లైడ్ దాచదు. మీటర్ మీద నమ్మకం లేకపోతే మబ్బులేని ఎండలో 100 ఐఎస్ఓకు సెకనులో 125వ వంతు, ఎఫ్/16 పెట్టి తీయండి. మన దగ్గర చలికాలం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం మూడున్నర దాకా ఈ లెక్క బాగానే నిలుస్తుంది.

ఇక రంగులు. గులాబీ జీర వస్తే అదేదో పాతకాలపు అందమని కొందరు మురిసిపోతారు. అది ఎందుకొచ్చిందో తెలిస్తే ఎంతవరకు సరిదిద్దవచ్చో తెలుస్తుంది. ఫిల్మ్‌లో మూడు పొరలు. పైన నీలి వెలుతురును పట్టే పొర, అది పసుపు రంగునిస్తుంది. మధ్యలో ఆకుపచ్చను పట్టే పొర మెజెంటా, అంటే ముదురు గులాబీనిస్తుంది. అడుగున ఎరుపును పట్టే పొర సయాన్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం ఇస్తుంది. మూడూ ఒకే వేగంతో ముసలివి కావు. ఆకుపచ్చ పొర స్పీడు తగ్గిందనుకోండి, వెలుతురు దానికి చాలక మెజెంటా ఎక్కువ మిగిలి, వెలుగున్న భాగాలు గులాబీకి తిరుగుతాయి. అదే పొరకు ఫాగ్ పట్టిందనుకోండి, నీడల్లో మెజెంటా తగ్గి ఆకుపచ్చ బయటపడుతుంది. ఒకే ఫ్రేములో మబ్బు గులాబీగా, చెట్టు కింది నీడ ఆకుపచ్చగా కనబడితే రెండూ కలిసి జరిగాయన్నమాట. అప్పుడు లెన్స్ ముందు ఫిల్టర్ పెట్టి లాభం లేదు. ఒకటి సరిచేస్తే రెండోది ఇంకా ముదురుతుంది. జీర అంతటా ఒకేలా ఉంటేనే ఫిల్టర్ ఉపయోగం. లేకపోతే స్కాన్ చేసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు విడివిడిగా నలుపు హద్దు పెట్టుకోవాలి. అలా చేసినా నలుపు నలుపయ్యేది కంప్యూటర్‌లోనే గానీ ఫిల్మ్‌లో కాదు. ప్రొజెక్టర్‌లో వేస్తే మళ్లీ అదే బురద రంగు.

మన ప్రాంతపు వాతావరణం ఈ రీళ్లకు శత్రువు. ఫిల్మ్ కంపెనీలు 21 డిగ్రీలు దాటని చోట పెట్టమంటాయి. నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. పడమటి గోడకు ఆనించిన బీరువాలో పది వేసవులు గడిపిన రీలు, చల్లని దేశంలో ముప్పై ఏళ్లు ఉన్న రీలు కన్నా అధ్వానంగా ఉండొచ్చు. డబ్బా మీది సంవత్సరం కన్నా ఆ రీలు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. కొనేముందు అమ్మేవాళ్లను అడగాల్సింది ఇదే. ఎక్కడ దాచారు, ఒకే ఎమల్షన్ నంబరువి, అంటే ఒకే విడతలో తయారైనవి ఎన్ని ఉన్నాయి, డబ్బీకి తుప్పు పట్టిందా. మూత బిగిసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న 35 ఎంఎం రీలుకు తుప్పు కనబడితే లోపలికి తేమ వెళ్లినట్టే. కాగితంతో కలిపి చుట్టే వెడల్పాటి 120 రీలైతే వెనుక కాగితం మీది అంకెలు తేమకు ఫిల్మ్‌లోకి దిగి, ఆకాశంలో చుక్కలు, నంబర్లు తేలతాయి. దానికి మందు లేదు.

ఇంటికి తెచ్చాక సిలికా జెల్ పొట్లంతో సహా బిగుతు డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక వెంటనే తెరవొద్దు. మామూలు ఫ్రిజ్‌లోదైతే రెండు గంటలు, డీప్ ఫ్రీజర్‌లోదైతే నాలుగైదు గంటలు మూత తీయకుండా ఉంచాలి. ఆషాఢ శ్రావణాల్లో ఇది మరీ అవసరం. చల్లని ఫిల్మ్ మీద గాలిలోని తేమ నీరై, ఎమల్షన్, అంటే ఫిల్మ్ మీది రేణువుల పూత మెత్తబడి, చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. కెమెరాకెక్కించాక ఒకటి రెండు వారాల్లో తీసి కడిగించాలి. కారు డ్యాష్‌బోర్డు మీద కెమెరా వదిలేస్తే ఒక్క మధ్యాహ్నం చాలు, ఇంతకాలం కాపాడుకున్నదంతా పోతుంది. చాలా పాత రీలు పెళుసుగా ఉంటుంది. మోటారుతో లాగే కెమెరా దాని పళ్ల రంధ్రాలను చింపేస్తుంది. చేత్తో తిప్పే కెమెరాలో మెల్లగా తిప్పండి, వెనక్కి చుట్టేటప్పుడు ఇంకా మెల్లగా.

ఒకే నంబరు రీళ్లు నాలుగైదు ఉంటే ఒకటి పరీక్షకు పెట్టడం వృథా కాదు. ఎండలో ఒకే చోట, ఒకే వస్తువును తీయండి. నల్ల గొడుగు, తెల్ల చొక్కా, పచ్చని ఆకు, మనిషి చెయ్యి ఒకే ఫ్రేములో పడాలి. 200, 100, 80, 64, 50, 32 అని మీటర్ మార్చుకుంటూ వరుసగా ఆరు ఫ్రేములు, చివర లెన్సుకు మూత పెట్టి ఒక ఖాళీ ఫ్రేము. కడిగాక ముందు చూడాల్సింది ఆ ఖాళీ ఫ్రేమునే. లైట్ టేబుల్ మీద దాని పక్కన కొత్త స్లైడ్ అంచు పెట్టి పోల్చండి. మూత పెట్టి తీసిన ఫ్రేము నిండు నలుపుగా వస్తే రీలు బాగుంది. కాఫీ డికాక్షన్ రంగులో వెలుతురు దాటుతుంటే ఆ నంబరు రీళ్లలో ఇక నిండు నలుపు రాదు, దాని కోసం వెతకొద్దు. స్కానర్ తెరమీద చూసి తీర్పు చెప్పకండి. స్కానర్ తనంతట తానే సరిచేసి చూపిస్తుంది.

దేన్ని తీయాలన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. నీడలు నిలవని రీలుతో నీడలను తీయకూడదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గొప్పతనమే గర్భగుడిలో పడే నీడ. పాత స్లైడ్ రీలుకు అంతకన్నా కష్టమైన చోటు లేదు. పాలమూరు పిల్లలమర్రి కింద కూడా అంతే, కొమ్మల మధ్య ఎండ ముక్కలు కాలిపోతాయి, ఊడల నీడలు బురదవుతాయి. సూర్యుణ్ణి వీపు వెనుక పెట్టుకుని తీసే వాటికి ఈ రీలు బాగా పనికొస్తుంది. సాయంత్రం నాలుగింటికి భువనగిరి గుట్ట, దేవరకొండ కోట గోడలు, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు, మగ్గం ముందు వెలుతురులో పరిచిన గద్వాల చీర. వెలుగు నీడల తేడా తక్కువగా ఉండి, రంగే ప్రధానమైనవి ఎంచుకోండి.

కడిగించడానికి మూడు దారులున్నాయి. మొదటిది అసలు దారి, ఈ-6, అంటే స్లైడ్ మందుల్లో కడగడం. ఆ పని చేసే ల్యాబులు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. రీలు పంపేటప్పుడు ఫిల్మ్ పేరు, గడువు సంవత్సరం, ఏ స్పీడుకు తీశారో కాగితం మీద రాసి జతచేయండి. పరీక్ష రీలులో నలుపు బలహీనంగా కనబడితే ఒక మార్గముంది. తక్కిన రీళ్లకు ఒక స్టాప్ వెలుతురు ఎక్కువ ఇచ్చి, ల్యాబును ఒక స్టాప్ పుల్ చేయమని, అంటే తక్కువసేపు డెవలప్ చేయమని అడగడం. మామూలుగా ఆరు నిమిషాలుండే మొదటి డెవలపర్‌ను సుమారు నాలుగు నిమిషాలకు తగ్గిస్తారు. ఆ తక్కువ సమయంలో ఫాగ్ పట్టిన రేణువులు పూర్తిగా నల్లబడవు, నలుపు కొంత తిరిగొస్తుంది. ఈ-6లో పైన చెప్పిన మూడింట రెండు వంతులు దాటి వెలుతురు ఇవ్వడం మంచిదయ్యేది ఈ ఒక్క సందర్భంలోనే, అదీ ఒక్క స్టాపే. దీనికి తలకిందులుగా పుష్ చేయించడం, అంటే ఎక్కువసేపు డెవలప్ చేయించడం మాత్రం వద్దే వద్దు. కాంట్రాస్ట్ పెరుగుతుందని చెప్పే వాళ్లుంటారు. మొదటి డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంటే ఫాగ్ కూడా అంతసేపు డెవలప్ అవుతుంది.

ఇంట్లో కిట్‌తో కడిగే వాళ్లు మన ఊళ్లలో కూడా అక్కడక్కడ ఉన్నారు. వాళ్లు పట్టించుకోవాల్సింది మొదటి డెవలపర్ వేడి. 38 డిగ్రీలు, అరడిగ్రీ కూడా అటూ ఇటూ కాకూడదు. ఎక్కువైతే స్లైడ్ పలచబడుతుంది, తక్కువైతే ముదురుతుంది. వేసవి మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నీళ్లే 38 దాటతాయి, టబ్బులో వేడి దించుకోవడమే కష్టం. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ముగించండి. డెవలపర్లు కలపడానికి, చివరి స్నానానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. ఫిల్మ్‌కు దానికన్నా నీటి కఠినత్వం చెరుపు. ఆరాక సున్నపు మచ్చలు పడి, తుడిస్తే గీతలవుతాయి.

రెండో దారి సీ-41, అంటే కలర్ నెగిటివ్ మందుల్లో కడగడం. అప్పుడది స్లైడ్ కాదు, నారింజ రంగు అడుగు లేని నెగిటివ్. ఫాగ్ ఇక్కడ మామూలు నెగిటివ్‌లో లాగా అడుగు మందం మాత్రమే పెంచుతుంది, అందుకే నలుపు చచ్చిన రీళ్లకు ఇది మేలు. మీ అనుబంధంలో చెప్పిన లెక్క కొంతవరకైనా పనికొచ్చేది ఇక్కడే. ఒక స్టాప్ నుంచి రెండు స్టాప్‌ల దాకా ఎక్కువ ఇవ్వండి, అంతే. కాంట్రాస్ట్ విపరీతంగా ఉంటుంది, రంగులు తమ దారిన తాము పోతాయి. స్కాన్ చేసే వాళ్లకు నారింజ అడుగు లేదని ముందే చెప్పకపోతే మిషన్ దాన్ని తీసేయబోయి ఇంకో జీర తగిలిస్తుంది.

మూడోది బ్లాక్ అండ్ వైట్. ఇది కొన్ని రీళ్లకు ఒక్కటే దారి. డబ్బీ మీద ప్రాసెస్ పేరు చదవండి. ఈ-6 పద్ధతి 1976లో వచ్చింది. అంతకుముందటి కొడాక్ ఎక్టాక్రోమ్ స్లైడ్ రీళ్ల మీద ఈ-4 లాంటి పాత పేర్లుంటాయి. పాత ఆగ్ఫా సీటీ-18, ఒకప్పుడు మన దేశంలో బాగా దొరికిన తూర్పు జర్మనీ ఓర్వో స్లైడ్ రీళ్లకు వాటి సొంత మందులుండేవి. వీటి ఎమల్షన్ మెత్తనిది, 38 డిగ్రీల ఈ-6 మందుల్లో వేస్తే ఫిల్మ్ నుంచి ఊడి వచ్చి, ట్యాంకులో ఉన్న పక్కవాళ్ల రీళ్లకు కూడా అంటుతుంది. కొడాక్ కంపెనీదే ఇంకో స్లైడ్ రీలు కొడాక్రోమ్ కథ వేరు. దాని ఎమల్షన్‌లో రంగు కప్లర్లు, అంటే రంగును పుట్టించే పదార్థాలు ఉండవు, కే-14 మందుల్లోనే రంగులు చేరేవి. ఆ మందులతో కడిగే చివరి ల్యాబు, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోనిది, 2010 డిసెంబరు 30తో రీళ్లు తీసుకోవడం ఆపేసింది. కొడాక్రోమ్‌లో రంగులు వస్తాయని చెప్పి ఎవరైనా అమ్మితే కొనకండి.

బ్లాక్ అండ్ వైట్‌లో కడిగేటప్పుడు కొడాక్రోమ్ వెనుక ఉండే నల్లటి కార్బన్ పూత తీయాలి. లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి, ట్యాంకులో పోసి బాగా కుదిపి పారబోయండి. నీళ్లు సిరాలాగా వస్తాయి. రెండు మూడు సార్లు కడిగాక డెవలపర్. మిగిలిన పూతను చివర్లో తడి వేళ్లతో వెనుకవైపు మాత్రమే రుద్దాలి. ఈ-6 రీళ్లను ఇలా కడిగితే అడుగు పసుపుగా, మందంగా కనిపిస్తుంది. ఎమల్షన్ మధ్యలో ఉండే పసుపు ఫిల్టర్ పొర సన్నని వెండితో చేసినది, కలర్ పద్ధతిలో బ్లీచ్ దాన్ని తీసేస్తుంది, ఇక్కడ తీసేవాళ్లు లేరు. పాడయిందని పారేయకండి, స్కానర్ దాని గుండా చూడగలదు.

స్టూడియోల వాళ్లకు ఒక విన్నపం. బీరువాలు ఖాళీ చేసేటప్పుడు ఫిల్మ్ కొస బయటికి కనబడని డబ్బీలను విడిగా పెట్టండి. కొస లోపలికి వెళ్లిందంటే చాలావరకు అది తీసేసి కడిగించని రీలు. సాగర్ కాలువల పని జరిగిన రోజులవి, శ్రీశైలం జలాశయంలో మునిగిన కృష్ణా ఒడ్డు ఊళ్లవి అందులో ఉండవచ్చు. ఈ ఉత్తరంలో వెలుతురు గురించి చెప్పినదేదీ వాటికి వర్తించదు, వెలుతురు ఎప్పుడో పడిపోయింది. అలాంటి రీలును ఈ-6కి గానీ సీ-41కి గానీ ఇవ్వకండి. చీకటి సంచిలో కొస నుంచి జానెడు ముక్క కత్తిరించి, 20 డిగ్రీల డీ-76 అనే బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో ముందు ఆ ముక్కనే కడగండి. ఆ ముక్క మీద బొమ్మ స్పష్టంగా కనబడితేనే, దాన్ని డెవలపర్‌లో ఉంచిన సమయం కాగితం మీద రాసుకుని మిగతా రీలు మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక ఫోటోగ్రాఫర్,
నల్లగొండ